కనబడిన వస్తువును చేయి వదలదు: ఇది దొంగబుద్ధి కాదు, మెదడు జబ్బు

పక్షవాతం వచ్చి కోలుకున్న ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అందరినీ గుర్తుపడుతున్నాడు. చూడడానికి వచ్చినవాళ్ళు "దేవుని దయ, బాగైపోయినాడు" అని సంతోషపడి వెళుతున్నారు. కానీ ఇంట్లోవాళ్ళకు ఒక కొత్త చిక్కు మొదలైంది. చుట్టాలింటికి తీసుకుపోతే అక్కడ కిటికీలో ఉన్న దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. బల్ల మీద ఎవరిదో కళ్ళజోడు కనిపిస్తే పెట్టుకుంటాడు. దప్పిక లేకపోయినా చెంబు కనిపిస్తే నీళ్ళు వంచుకొని తాగుతాడు. అంగడికి పోతే ఎదురుగా ఉన్న బిస్కెట్ పొట్లం విప్పి తినడం మొదలుపెడతాడు. "అది మనది కాదు, పెట్టెయ్" అంటే పెట్టేస్తాడు. రెండు నిమిషాలకు మళ్ళీ చేయి అక్కడికే పోతుంది.

అంతకుముందు ఒకరి సొమ్ము ముట్టని మనిషి ఇలా ఎందుకు మారాడు? కొందరు "వయసుతో పాటు చాదస్తం" అంటారు. కొందరు "కావాలనే చేస్తున్నాడు" అని కోప్పడతారు. కొందరు "ఏదో సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు. అంగడివాళ్ళు మాత్రం "దొంగ" అంటారు. నిజానికి ఈ నాలుగూ కాకపోవచ్చు. మెదడు ముందు భాగం దెబ్బతిన్నప్పుడు ఇలా జరగవచ్చు. ఈ సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు సిగ్గుతో బాధపడుతుంటాయి, రోగులు దెబ్బలు కూడా తింటుంటారు. అందుకే ఈ జబ్బును గురించి ఈ సంచికలో వివరంగా తెలుసుకుందాం.

ఈ ప్రవర్తన ఎలా ఉంటుంది?

డాక్టర్లు దీనిని యుటిలైజేషన్ బిహేవియర్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, కనబడిన వస్తువును అవసరం లేకపోయినా వాడకుండా ఉండలేకపోవడం. దీనిలో ముఖ్యంగా మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, వస్తువును సరిగానే వాడతారు. దువ్వెనతో తల దువ్వుతారు, చీపురుతో ఊడుస్తారు, అగ్గిపెట్టె దొరికితే పుల్ల గీస్తారు, పెన్ను కాగితం ఉంటే రాస్తారు. వాడే తీరులో తప్పుండదు. ఆ సమయానికి, ఆ చోటికి ఆ పని అవసరం లేదు, అంతే తేడా.

రెండవది, ఆశ వల్ల చేసేది కాదు. ఆ వస్తువును దాచుకోవాలని గానీ, ఇంటికి తెచ్చుకోవాలని గానీ ఉండదు. అటూ ఇటూ చూసి దొంగచాటుగా తీయడం ఉండదు. అందరి ముందే తీస్తారు. అంతకంటే ఆకర్షించే వస్తువు కనబడితే చేతిలో ఉన్నది వదిలేసి దాని మీదికి పోతారు.

మూడవది, "ఎందుకు తీసినావు?" అని అడిగితే తికమకపడరు. "ఇక్కడ పెట్టినారు కదా, వాడుకోవాలేమో అనుకున్నా" అన్నట్టు ఏదో ఒక కారణం చెబుతారు. తమ చేయి తమ మాట వినలేదని వారికే తెలియదు.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఇలాంటివారిలో చాలామంది తమంతట తాము ఏ పనీ మొదలుపెట్టరు. స్నానానికి లే అంటే లేవరు, అన్నం పెట్టమని అడగరు, గంటలకొద్దీ ఊరికే కూర్చుంటారు. కానీ ఎదురుగా వస్తువు కనబడగానే చేతులు కదులుతాయి. "పనికి పిలిస్తే కదలడు, పనికిరాని దానికి మాత్రం ముందుంటాడు" అని ఇంట్లోవాళ్ళు విసుక్కునేది ఇందుకే. ఈ రెండూ వేరు వేరు గుణాలు కావు, ఒకే జబ్బుకు రెండు ముఖాలు. లోపలినుంచి వచ్చే ప్రేరణ తగ్గిపోయింది. బయటి వస్తువు పిలుపు ఒక్కటే మిగిలింది.

డాక్టర్లు దీనిని ఎలా కనిపెట్టారు?

ఈ లక్షణానికి పేరు పెట్టి వివరంగా రాసినవారు ఫ్రాన్స్ దేశపు నరాల వైద్యులు ఫ్రాన్స్వా లెర్మిట్. ఆయన వ్యాసం 1983లో బ్రెయిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆయన మెదడు ముందు భాగం దెబ్బతిన్న రోగుల ముందు, ఏమీ చెప్పకుండా, రోజూ వాడే వస్తువులు పెట్టేవారు. కూజా, గ్లాసు పెడితే నీళ్ళు పోసుకొని తాగేవారు. కళ్ళజోడు ఇస్తే పెట్టుకునేవారు. ఒకటి పెట్టుకొని ఉండగానే రెండవ జోడు ఇస్తే దాని మీదనే పెట్టుకునేవారు. మూడవది ఇచ్చినా అంతే. మెదడు బాగున్న మనిషి అయితే "ఇదెందుకు ఇస్తున్నారు?" అని అడుగుతాడు. ఈ రోగులు అడగలేదు. మీరు ఇచ్చారు కాబట్టి వాడాలనుకున్నాం అన్నారు.

1986లో లెర్మిట్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఆసుపత్రి గదిలో కాకుండా మామూలు చోట్ల రోగులు ఎలా ఉంటారో గమనించారు. ఒక రోగిని ఇంటికి తీసుకువెళ్ళి పడకగది చూపించారు. పరుపు మీద దుప్పటి తీసి పడుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ మనిషి అది చూసి బట్టలు విప్పి మంచమెక్కి పడుకున్నాడు. ఒక స్త్రీ రోగి ముందు వైద్య పరికరాలు పెడితే, ఆమె డాక్టరుకే బి.పి. చూసింది. ఇలా పరిసరాలు ఎటు లాగితే అటు పోవడాన్ని ఆయన పరిసరాలకు బానిస కావడంగా వర్ణించారు. ఇలాంటి రోగుల్లో ఎదుటివారి చేష్టలను అనుకరించే అలవాటు కూడా ఉంటుందని ఆయన గమనించారు. డాక్టరు ముక్కు గోక్కుంటే రోగి కూడా గోక్కునే తీరు అది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. డాక్టరే వస్తువు ఇస్తే, వాడమని అర్థం చేసుకోవడంలో తప్పేముంది? ఈ సందేహానికి 1989లో ఇంగ్లండులో టిమ్ షాలిస్, ఆయన తోటివారు జవాబు వెతికారు. వారు వస్తువులను రోగి చేతికి ఇవ్వలేదు. బల్ల మీద ఊరికే ఉంచి, రోగికి వేరే పరీక్షలు చేస్తూ కూర్చున్నారు. ఆ పరీక్షల మధ్యలోనే ఆయన చేతులు బల్ల మీది వస్తువులను తీసి వాడసాగాయి. పేకముక్కలు కనబడితే, గదిలో ఉన్నవారికి పంచిపెట్టాడు. అంటే ఇది డాక్టరు మాటను తప్పుగా అర్థం చేసుకోవడం కాదు, చేతిని ఆపే శక్తి లోపించడం అని తేలింది.

మెదడులో ఏం జరుగుతుంది?

మన కన్ను ఒక వస్తువును చూసినప్పుడు, మెదడు దాని పేరును మాత్రమే గుర్తుచేసుకోదు. దానిని ఎలా పట్టుకోవాలో, ఎలా వాడాలో కూడా వెంటనే సిద్ధం చేసుకుంటుంది. ఈ పని ఎక్కువగా మెదడు పైభాగంలో వెనుకవైపు ఉండే పెరైటల్ లోబ్‌లో జరుగుతుంది. ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషికి నాడె కనబడితే వేళ్ళు వాటంతట అవే దానికి తగ్గట్టు ముడుచుకుంటాయి. వంట చేసే తల్లికి గరిటె కనబడితే అంతే. ఎంత అలవాటైన వస్తువు అయితే అంత త్వరగా చేయి సిద్ధమవుతుంది. ఇది జబ్బు కాదు, మనందరిలో ఉన్న వరం. ఇది లేకపోతే ప్రతి పనినీ కొత్తగా ఆలోచించి చేయాలి.

అయితే చూసిన ప్రతి వస్తువునూ మనం వాడం. ఎందుకంటే నుదుటి వెనుక ఉండే ముందు భాగం, అంటే ఫ్రాంటల్ లోబ్, "ఇప్పుడు వద్దు", "ఇది మనది కాదు", "ముందు చేస్తున్న పని కానివ్వు" అని ఆపుతూ ఉంటుంది. మనిషి మెదడు పై పొరలో సుమారు మూడో వంతు ఈ ముందు భాగమే. ఎద్దులబండితో పోల్చి చూడండి. ఎద్దులకు దారి తెలుసు, లాగే బలమూ ఉంది. కానీ పగ్గాలు పట్టుకున్న మనిషి లేకపోతే పచ్చని చేను ఎక్కడ కనిపిస్తే అక్కడికి బండిని లాగుకుపోతాయి. ఈ జబ్బులో ఎద్దులకు ఏమీ కాలేదు, పగ్గాలు తెగిపోయాయి.

చంటిబిడ్డలను గమనిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పుట్టిన బిడ్డ అరచేతిలో మన వేలు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. ముందు భాగం ఎదిగేకొద్దీ కొన్ని నెలల్లో ఆ పట్టు దానంతట అది పోతుంది. మెదడు ముందు భాగం దెబ్బతిన్న పెద్దవారిలో అదే పట్టు తిరిగి రావచ్చు. డాక్టరు రోగి అరచేతిని వేలితో రాసి చూసేది ఇందుకే.

చేయి మాట వినని మరొక జబ్బు

దీనికి దగ్గరి జబ్బు ఇంకొకటి ఉంది. దానిలో ఒక చేయి మాత్రమే ఎదురుతిరుగుతుంది. కుడిచేయి చొక్కా గుండీలు పెడుతుంటే ఎడమచేయి విప్పుతుంది. 1908లో జర్మనీ వైద్యుడు కుర్ట్ గోల్డ్‌స్టయిన్ ఒక స్త్రీ గురించి రాశారు. మెదడుకు దెబ్బ తగిలిన తర్వాత ఆమె ఎడమచేయి ఒకసారి ఆమె మెడనే పట్టుకొంది. ఇటువంటి చేతిని తర్వాతి కాలం వైద్యులు అదుపు తప్పిన చేయి అనీ, పరాయి చేయి అనీ అన్నారు.

రెండింటికీ తేడా తెలుసుకోవడం మంచిది. అదుపు తప్పిన చేయి ఉన్నవారు "నా చేయి నా మాట వినడం లేదు" అని వారే చెప్పి బాధపడతారు, రెండవ చేత్తో దానిని పట్టుకొని ఆపుతారు. మనం ముందు చెప్పుకున్న జబ్బులో రెండు చేతులూ కలిసి పనిచేస్తాయి, రోగికి అందులో వింత ఏమీ తోచదు. కాబట్టి అక్కడ బాధ రోగికి ఎక్కువ, ఇక్కడ బాధ కుటుంబానికి ఎక్కువ.

ఏయే కారణాల వల్ల వస్తుంది?

పక్షవాతం: మెదడు ముందు భాగానికి, ముఖ్యంగా రెండు అర్ధభాగాల మధ్యనున్న లోపలి గోడకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోతే ఇలా రావచ్చు. ఈ రకం పక్షవాతంలో చేతికన్నా కాలు ఎక్కువగా బలహీనపడుతుంది. అందువల్ల చేయి బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళు ఈ మార్పును జబ్బుతో ముడిపెట్టరు. అదే చోట రక్తనాళం ఉబ్బి పగిలితే ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది. బతికి బయటపడిన తర్వాత ప్రవర్తన మారవచ్చు.

తలకు దెబ్బ: మోటారుసైకిలు మీదనుంచి పడినప్పుడు మెదడు పుర్రెలో ముందుకు వెళ్ళి కొట్టుకుంటుంది. పైకి నాలుగు కుట్లు మాత్రమే పడినా లోపల నుదుటి వెనుక భాగం నలిగిపోవచ్చు.

గడ్డలు, నెత్తురు పేరుకోవడం: మెదడు ముందు భాగంలో నిదానంగా పెరిగే గడ్డ వల్ల మొదట మనిషి తీరు మాత్రమే మారవచ్చు. ముసలివారు గుమ్మం తగిలి పడిన కొన్ని వారాలకు పుర్రె లోపల నెత్తురు పేరుకొని నొక్కడం కూడా ఉంది.

మెదడులో నీరు చేరడం: కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు నడక మందగించి, మూత్రం ఆపుకోలేక, ఆలోచన కూడా తగ్గితే ఈ అనుమానం రావాలి.

ముందు భాగం కుంచించుకుపోయే మతిమరుపు జబ్బు: దీనిని ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అంటారు. సాధారణ మతిమరుపులా కాకుండా ఇది తరచుగా 45 నుంచి 65 ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది. జ్ఞాపకశక్తి మొదట్లో బాగానే ఉంటుంది, మనిషి గుణం మారుతుంది. సిగ్గు, మొహమాటం తగ్గుతాయి, తీపి మీద కోరిక పెరుగుతుంది, ఇంట్లో ఎవరికి ఏమైనా పట్టనట్టు ఉంటారు.

ఇది పరదేశాల జబ్బు అనుకోవద్దు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి జ్ఞాపకశక్తి క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 347 మంది మతిమరుపు రోగులను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి సుమారు 19 మందికి ఈ ముందు భాగపు రకమే ఉంది. అంటే ఆ క్లినిక్‌కు వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. చదువు లేనివారికి పరీక్ష ఎలా అని భయపడనక్కరలేదు. మెదడు శక్తిని కొలిచే పరీక్షలను అక్కడ తెలుగులో తయారుచేసి వాడారు.

అదే క్లినిక్ నుంచి 2013లో మరొక మంచి విషయం తెలిసింది. 648 మంది మతిమరుపు రోగులను పోల్చి చూస్తే, ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఒక భాష మాట్లాడేటప్పుడు రెండవ భాష మాటను ఆపుకోవాలి. ఆ ఆపుకోవడం కూడా మెదడు ముందు భాగం పనే. దానికి రోజూ ఆ వ్యాయామం ఉండడం వల్లనే ఈ మేలు కలుగుతుండవచ్చని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, పక్కింట్లో ఉర్దూ మాట్లాడే హిందూపురం వైపు వారికి ఇది సంతోషకరమైన సంగతే.

దొంగతనమా? దయ్యమా?

ఎవరైనా ఒకరి గుణం హఠాత్తుగా మారితే మన ఊళ్ళలో మొదట వచ్చే మాట "గాలి సోకింది". కుటుంబం కోసం ప్రార్థన చేయడం, చేయించుకోవడం మంచిదే. కానీ దయ్యం వెళ్ళగొట్టే పేరుతో రోగిని కొట్టడం, వాతలు పెట్టడం, అన్నం మాన్పించడం, బి.పి. మాత్రలు ఆపించడం మాత్రం చేయకూడదు. మాత్రలు ఆపితే మరొక పక్షవాతం రావచ్చు. ఆ దెబ్బతో మనిషి తిరిగి లేవకపోవచ్చు.

దొంగతనం అనుకునేవారు ఒక చిన్న విషయం ఆలోచించాలి. దొంగ ఎవరూ చూడనప్పుడు తీస్తాడు, విలువైనది తీస్తాడు, దాచుకుంటాడు. ఈ రోగి అందరూ చూస్తుండగా, ఏది దగ్గరుంటే అది తీసి, అక్కడే వాడతాడు. నూరు రూపాయల నోటు, పాత దువ్వెన పక్కపక్కన ఉంటే దువ్వెన తీసినా ఆశ్చర్యం లేదు. ఇక మొండితనం అనుకునేవారికి చెప్పేది ఒక్కటే. మీరు "వద్దు" అన్నప్పుడు రోగికి అర్థమవుతుంది, ఒప్పుకుంటాడు కూడా. కానీ మీ మాట చెవిలో ఉండేది క్షణమే. వస్తువు కళ్ళముందే ఉంటుంది. తిట్టి నేర్పగలిగిన పాఠం ఇది కాదు. నేర్చుకొని ఆపుకోవలసిన భాగానికే దెబ్బ తగిలింది.

ఇంట్లో ఏమి చేయాలి?

ఈ జబ్బులో ముఖ్యమైన సూత్రం ఇది: మనిషిని మార్చాలని చూడకండి, గదిని మార్చండి. చేయిని లోపలినుంచి ఆపేది లేనప్పుడు బయటినుంచి మనం ఆ పని చేయాలి.

1. ప్రమాదకరమైనవి కంటికి కనబడకుండా పెట్టండి. కొడవలి, కత్తిపీట, బ్లేడు, అగ్గిపెట్టె, కిరోసిన్, పంటకు కొట్టే మందు డబ్బాలు, మాత్రల డబ్బా తాళంలో ఉండాలి. "అందకుండా పైన పెట్టినాం" అంటే చాలదు. కనబడితే ఎక్కి తీసే ప్రయత్నం చేస్తారు.

2. వంట అయిన వెంటనే గ్యాస్ సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయండి. మోటారుసైకిలు, ట్రాక్టరు తాళంచెవులు బండికే వదిలేయవద్దు. బోరు మోటారు స్టార్టరు పెట్టెకు తాళం వేయండి.

3. వద్దు వద్దు అని అరవడం, చేతిలోనుంచి లాక్కోవడం పనికిరావు. లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. నిదానంగా ఇంకొక వస్తువు చేతికి ఇవ్వండి. "నాయనా, ఈ టవలు పట్టుకో" అంటే మొదటిది వదిలేస్తారు. లేదా "రా, బయట కూర్చుందాం" అని అక్కడినుంచి తీసుకుపోండి.

4. అన్నం తినేటప్పుడు తినవలసినది మాత్రమే ముందు ఉంచండి. నాలుగు గిన్నెలు, ఉప్పు సీసా, నీళ్ళ చెంబు, సెల్‌ఫోను అన్నీ ఉంటే చేయి అన్నింటి మీదికి పోతుంది, అన్నం మిగిలిపోతుంది.

5. బయటికి వెళ్ళేటప్పుడు చేతికి ఏదైనా పని ఇవ్వండి. సంచి, గొడుగు, చేతికర్ర ఏదైనా సరే. రెండు చేతులకూ పని ఉంటే ఇంకొకటి తీసుకునే అవకాశం తగ్గుతుంది. అంగట్లో సరుకులకు దూరంగా నిలబెట్టండి.

6. వీధిలో ఉన్న అంగళ్ళవారికి ముందే చెప్పి ఉంచండి. "మా నాయనకు మెదడు జబ్బు ఉంది. ఏదైనా తీసుకుంటే ఏమీ అనవద్దు, మాకు చెప్పండి, లెక్క మేము ఇస్తాం" అంటే చాలు. డాక్టరు చీటీ నకలు రోగి జేబులో ఉంచితే మరీ మంచిది.

7. చేతులు కట్టేయడం, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం చేయవద్దు. దానివల్ల భయం, కోపం పెరుగుతాయి, మనిషి మరింత దిగజారిపోతాడు.

జబ్బునే సాయంగా వాడుకోండి

చూసిన వస్తువును వాడకుండా ఉండలేరు కదా. అయితే ఏ సమయానికి ఏది కనబడాలో మనమే ఏర్పాటు చేయవచ్చు. పళ్ళు తోముకోమని పదిసార్లు చెప్పేకన్నా, ఉదయం బ్రష్షు మీద పేస్టు వేసి ముందు పెట్టండి. ఉతికిన బట్టలు తొడుక్కునే వరుసలో మంచం మీద పరచండి. స్నానానికి రమ్మని పిలిచేకన్నా, బకెట్, చెంబు, సబ్బు కనబడేలా పెట్టి అక్కడికి తీసుకుపోండి. రాత్రి పడుకోవలసిన వేళకు పక్క సిద్ధం చేసి దీపం తగ్గించండి. తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టని మనిషి కూడా ఇలా తన పనులు తాను చేసుకునే అవకాశం ఉంది. శెనక్కాయలు వలవడం, బియ్యం ఏరడం, బట్టలు మడతపెట్టడం వంటి అపాయం లేని పనులు ముందు పెడితే చేతులకు పనీ దొరుకుతుంది, ఆ మనిషికి ఇంట్లో గౌరవమూ మిగులుతుంది.

ఎప్పుడు డాక్టరును కలవాలి? నయమవుతుందా?

మనిషి ప్రవర్తనలో ఇలాంటి మార్పు కనిపించినప్పుడు ఒకసారి డాక్టరుకు చూపించాలి. వచ్చేటప్పుడు రోజూ దగ్గరుండి చూసేవారు వెంట రావాలి. రోగి డాక్టరు ముందు కాసేపు చక్కగా మాట్లాడి "నాకేమీ లేదు" అంటాడు. ఎప్పటినుంచి మారాడు, ఏయే వస్తువులు తీస్తున్నాడు, పడ్డాడా, తలనొప్పి ఉందా, నడక, మూత్రం ఎలా ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నాడు అనేవి ఒక కాగితం మీద రాసి తెండి. డాక్టరు పరీక్షించి అవసరమైతే తల స్కానింగ్ చేయిస్తారు, నరాల వైద్యుల దగ్గరికి పంపుతారు. మన ప్రాంతం వారికి బెంగళూరులోని నిమ్హాన్స్ దగ్గర. మన వైపు నుంచి ఎందరో వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లోనే డాక్టర్ జేకబ్ చాండీ దేశంలో మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు.

నయం కావడం కారణాన్ని బట్టి ఉంటుంది. పేరుకున్న నెత్తురు తీసివేస్తే, చాలా రకాల గడ్డలు ఆపరేషన్ చేస్తే, చేరిన నీటికి గొట్టం వేస్తే మనిషి బాగా మెరుగుపడవచ్చు. అందుకే "వయసు మీద పడింది" అని స్కానింగ్ మానుకోవద్దు. పక్షవాతం, తలదెబ్బ తర్వాత వచ్చినదైతే చాలామందిలో కొన్ని వారాలు, నెలల్లో తగ్గుముఖం పడుతుంది. ముందు భాగం కుంచించుకుపోయే జబ్బును మాన్పే మందు మాత్రం లేదు. అక్కడ ఇంటి ఏర్పాట్లు, ఓపికే వైద్యం. ఈ లక్షణం ఒక్కటే పోగొట్టే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు కాబట్టి, "గ్యారంటీ" అనేవారి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

రాకుండా జాగ్రత్తపడే దారి

కొన్ని కారణాలు మన చేతిలో లేవు. కానీ రెండు పెద్ద కారణాలైన పక్షవాతం, తలదెబ్బ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

బి.పి., షుగరు ఉన్నవారు మాత్రలు ఒక్కరోజు కూడా మానవద్దు. బీడీ, సిగరెట్టు, సారాయి మానండి. ముఖం ఒక పక్కకు లాగినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అదే నిమిషంలో 108కి ఫోను చేయండి. నాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అంతకుముందు స్కానింగ్ కావాలి, ప్రయాణానికీ సమయం పడుతుంది. "పొద్దున్న చూద్దాం" అంటే మెదడు అప్పటికే పోతుంది.

అనంతపురం - కదిరి రోడ్డు మీద బండి నడిపే యువకులకు ఒక మాట. ప్రపంచంలోని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి సమీక్ష ప్రకారం, హెల్మెట్ తలదెబ్బ ప్రమాదాన్ని నూటికి సుమారు 69 పాళ్ళు, చావు ప్రమాదాన్ని 42 పాళ్ళు తగ్గిస్తుంది. ట్యాంకు మీద పెట్టుకొని పోయే హెల్మెట్ ట్యాంకును కాపాడుతుంది. వెనుక కూర్చున్న తల్లికి, భార్యకు కూడా హెల్మెట్ ఉండాలి. మీ గుణం, మీ మర్యాద, మీ మంచితనం అన్నీ ఆ నుదుటి వెనుకనే ఉన్నాయి.

సంఘం వారికి ఒక విన్నపం

ఇలాంటి రోగి ఉన్న ఇంటివాళ్ళు మెల్లగా బయటికి రావడం మానేస్తారు. పెళ్ళికి పోరు, పేరంటానికి పోరు, చివరికి ఆదివారం ఆరాధనకు కూడా రారు. కానుకల పళ్ళెం ముందుకు వచ్చినప్పుడు ఆయన చేయి దాని మీదికి పోతే ఎలా? ప్రభు బల్ల మీది గిన్నె అందుకుంటే నలుగురూ ఏమంటారు? ఈ భయంతోనే ఇంట్లో ఉండిపోతారు.

అలాంటి కుటుంబాన్ని మీరే వెళ్ళి పిలవండి. పాస్టరుగారికి, పెద్దలకు ముందే చెబితే ఆయనను బల్లకు దూరంగా, వరుస లోపలివైపు, ఇద్దరు అయినవాళ్ళ మధ్య కూర్చోబెట్టవచ్చు. చేతికి పాటల పుస్తకం ఇవ్వండి, దానినే తెరిచి పట్టుకుంటాడు. అయినా ఎప్పుడైనా పొరపాటు జరిగితే వెనుక బెంచీల్లో గుసగుసలు వద్దు, పిల్లలను నవ్వనివ్వవద్దు. అలాగే, రాత్రీ పగలూ కాపలా కాసే ఆ భార్యకో కోడలికో వారానికి రెండు గంటలు విశ్రాంతి ఇవ్వండి. ఒకరు వచ్చి ఆయన పక్కన కూర్చొని శెనక్కాయలు వలిస్తే, ఆయన కూడా చూసి వలుస్తాడు. ఆ రెండు గంటల్లో ఆమె సంతకు పోయి రావచ్చు, లేదా నిద్రపోవచ్చు. ఆమెకు అది మందుతో సమానం.

గుర్తుంచుకోండి

* పెద్దవయసులో గుణం హఠాత్తుగా మారితే అది జబ్బేమో చూపించుకోవాలి.
* కనబడిన వస్తువును వాడకుండా ఉండలేకపోవడం మెదడు ముందు భాగం దెబ్బతిన్న గుర్తు కావచ్చు. అది దొంగతనం కాదు, దయ్యమూ కాదు.
* తిట్టడం, కొట్టడం, కట్టేయడం వల్ల లాభం లేదు. ప్రమాదకరమైనవి దాచండి, పనికివచ్చేవి వేళకు ముందు పెట్టండి.
* కొన్ని కారణాలకు ఆపరేషన్‌తో మంచి ఫలితం ఉంది. ఆలస్యం చేయవద్దు.
* బి.పి. మాత్రలు, హెల్మెట్ మరువవద్దు.